నలభై దాటిన గృహస్థుకు బరువుల వ్యాయామం: సర్వాంగమా, రోజుకొక భాగమా?

కొండవీటి కొండ పాదాన ఉన్న మా వైద్యశాలకు కిందటి సంవత్సరం నరసరావుపేట నుండి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు. వయస్సు 48 సంవత్సరాలు. కుడి భుజం పట్టివేసిందనీ, మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతున్నవనీ చెప్పారు. నాడి చూసి ఆహార విహారాలను గురించి అడుగగా, మూడు నెలలుగా జిమ్ముకు వెళుతున్నానంటూ జేబులో నుండి ఒక కాగితం తీసి నా ముందుంచారు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్ళు, శనివారం పొట్ట. ఇదీ అందులోని క్రమం.

"అయ్యగారూ, మా జిమ్ములో ఒకరు ఇట్లా రోజుకొక భాగం చేయమంటారు. దానిని స్ప్లిట్ పద్ధతి అంటారట. మరొకరు ఒక్క రోజులోనే ఒళ్ళంతటికీ చేసి మరునాడు విశ్రాంతి తీసుకోమంటారు. అది ఫుల్ బాడీ. నా వయస్సుకు ఏది మంచిదో మీరే చెప్పాలి" అన్నారు.

కాగితం వెనుకవైపున తాను వెళ్ళిన రోజులకు ఆయన గుర్తులు పెట్టుకున్నారు. లెక్క చూశాను. 12 వారాలలో కాళ్ళకు కేటాయించిన శుక్రవారాలు 12 ఉండగా, వెళ్ళినవి 4 మాత్రమే. ఒకనాడు బ్యాంకులో పని ఆలస్యమైనది, ఒకనాడు పెళ్ళి, ఒకనాడు అత్తగారి ఊరు ప్రయాణం. ఛాతీ రోజు మాత్రం ఒక్కటే తప్పినది. నొప్పి పుట్టిన భుజానికి వారం వారం పని దొరుకుతూనే ఉన్నది. వణికే కాళ్ళు మూడు నెలలూ దాదాపు ఖాళీగా ఉన్నవి. ఆయన ప్రశ్నకు సగం సమాధానం ఆ కాగితం వెనుకనే ఉన్నది. మిగిలిన సగం పాఠకులకు కూడా ఉపయోగపడునని తలచి ఇక్కడ వ్రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. చాలా కాలం వరకు నేను నలభై, యాభై దాటినవారికి బరువుల జోలికి పోవద్దనే చెప్పేవాడిని. "నడవండి, సూర్యనమస్కారాలు చేయండి, అంతే చాలు" అనేవాడిని. వృద్ధులు వ్యాయామం మానవలెనని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయం సూత్రస్థానంలో చెప్పియున్నారు గదా అని నా ధీమా.

నా మాట నమ్మిన ఒక ఉపాధ్యాయుడు 52వ ఏట నుండి ప్రతి ఉదయం ఐదు కిలోమీటర్లు నడిచేవారు. ఊపిరి బాగుండేది, మధుమేహం అదుపులో ఉండేది. 64వ ఏట ఒకనాడు స్నానాల గదిలో జారి కూర్చుండిపోయారు. ఎముక విరుగలేదు. కాని చేతులు నేలకు ఆన్చి తన దేహాన్ని తాను పైకి లేపుకోలేకపోయారు. పొలం నుండి కుమారుడు వచ్చేవరకు, దాదాపు రెండు గంటలు ఆ తడి నేల మీదనే ఉండిపోయారు. తరువాత నన్ను చూసినప్పుడు ఆయన ఒక్కటే అడిగారు. "నడక తప్పలేదు గదండీ, మరి లేవలేకపోయానేమి?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మళ్ళీ గ్రంథాలు విప్పాను. అప్పుడు గాని నా తొందరపాటు తెలియలేదు. వృద్ధుడు అంటే ఎవరు? చరకాచార్యులు విమానస్థానంలో మధ్యవయస్సును 60 సంవత్సరాల వరకు చెప్పారు. సుశ్రుతాచార్యులు 70 వరకు పొడిగించారు. అంతేగాక, 40 సంవత్సరాల వరకు ధాతువులు, ఇంద్రియాలు, బలం సంపూర్ణంగా ఉంటాయనీ, అక్కడి నుండి 70 వరకు కొద్దికొద్దిగా తరుగుతాయనీ సుశ్రుతుడు వివరించాడు. అంటే యాభై ఏండ్లవాడు శాస్త్రప్రకారం వృద్ధుడు కాడు. ధాతువులు తరగడం మొదలైన మధ్యవయస్కుడు. కాపాడుకొనవలసిన సమయం అదే. నేను వ్యాయామం వద్దన్న వయస్సులోనే అది ఎక్కువ అవసరం.

ఆధునికులు ఈ మాంసక్షయానికి 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. మరునాటి సంవత్సరం, 1990లో, అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 సంవత్సరాల వయస్సుగల 10 మందికి వైద్యుల పర్యవేక్షణలో 8 వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవారి తొడల బలం సగటున 174 శాతం పెరిగినది. తొంభై ఏండ్ల కండరం కూడా పని చెబితే వింటుందని తేలినప్పుడు, నలభై ఎనిమిదేండ్ల కండరం మాట చెప్పనేల?

శాస్త్రం చెప్పే కొలత

వ్యాయామం దేహానికి స్థిరత్వాన్నీ బలాన్నీ ఇవ్వాలనీ, తగిన మాత్రలో ఉండాలనీ చరకుని నిర్వచనం. ఆ మాత్ర ఎంత? సుశ్రుతుడూ వాగ్భటుడూ సగం బలం అన్నారు. వాగ్భటుడు దానికి మరి రెండు నిబంధనలు చేర్చాడు. స్నిగ్ధమైన ఆహారం తీసుకునే బలవంతులు శీతకాలంలోను, వసంతంలోను సగం బలంతో చేయవచ్చు. తక్కిన ఋతువులలో అంతకన్నా తక్కువ చేయాలి. అతిగా చేస్తే దప్పిక, క్షయం, ఆయాసం, దగ్గు, జ్వరం వస్తాయని హెచ్చరించాడు.

ఏ అవయవానికి ఏ వారం అని మన గ్రంథాలలో పట్టిక కనబడదు. గురుకులంలో మాకు వ్యాయామానికి ప్రత్యేకంగా గంట కొట్టేవారు కారు. తెల్లవారుజామున బావిలో నీరు తోడి బిందెలు మోయడం, రోట్లో మూలికలు దంచడం, కల్వంలో గంటల తరబడి మందులు నూరడం. వీటిలో కాళ్ళు, నడుము, వీపు, చేతులు ఒకేసారి పనిచేసేవి. మన తాలింఖానాలలోని దండీలు, బస్కీలు, గదలు తిప్పడం కూడా అటువంటివే. పల్నాటి రైతు బండలాగుడు పోటీకి ఒంగోలు ఎడ్లను తయారుచేసేటప్పుడు మెడకొక రోజు, తొడలకొక రోజు అని పంచడు. ఎద్దు బండను ఒళ్ళంతా పెట్టి లాగుతుంది.

2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చినది. ఆ ఎత్తడంలో మడమ నుండి మణికట్టు వరకు పనిచేయని భాగమే లేదు. మరి రోజుకొక భాగం పద్ధతి ఎక్కడిది? వేదికపై ఒక్కొక్క కండరాన్ని విడివిడిగా చూపించవలసిన దేహదారుఢ్య పోటీల నుండి అది ప్రచారంలోకి వచ్చినది. 1947లో మిస్టర్ అమెరికాగా ఎన్నికైన స్టీవ్ రీవ్స్ వంటి పాత తరం వారు కూడా వారానికి మూడు రోజులు ఒళ్ళంతటికీ సాధన చేసినవారే.

పరిశోధనలు తేల్చినది, తేల్చనిది

సర్వాంగ వ్యాయామమే గొప్పదని పరిశోధనలు తీర్పు చెప్పాయని నేను అనను. అట్లా చెప్పడం అసత్యమవుతుంది. 2016లో అనేక ప్రయోగాలను కలిపి పరిశీలించినప్పుడు, ఒక కండరానికి వారానికి ఒకసారి కన్నా రెండుసార్లు పని చెబితే కండ బాగా పెరుగుతున్నదని తేలినది. 2019లో ఇంకా ఎక్కువ ప్రయోగాలను పరిశీలించగా, వారం మొత్తం మీద చేసిన పని సమానమైతే, అది ఎన్ని రోజులకు పంచినా ఫలితంలో పెద్ద భేదం లేదని తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు, ముఖ్యమైన కండరాలన్నిటికీ బలం చేకూర్చే వ్యాయామం చేయాలని చెప్పినది. పద్ధతి పేరు చెప్పలేదు.

అంటే, క్రమం తప్పనివానికి రెండు పద్ధతులూ సమానమే. అసలు ప్రశ్న అక్కడే ఉన్నది. క్రమం తప్పని గృహస్థు ఎక్కడున్నాడు?

నా అభిప్రాయం

నలభై దాటిన సంసారికి వారానికి రెండు లేక మూడు రోజుల సర్వాంగ వ్యాయామమే తగినదని నా నిశ్చయం. దీనికి మూడు కారణాలున్నవి.

మొదటిది, తప్పిన రోజు చేసే నష్టం. ఆరు భాగాల పట్టికలో కాళ్ళ రోజు ఒక్కటి తప్పితే ఆ కాళ్ళకు మళ్ళీ పని 14 రోజులకు గాని రాదు. సోమ, గురువారాలలో ఒళ్ళంతా చేసేవారికి గురువారం తప్పినా సోమవారం వచ్చేస్తుంది. విరామం ఏడు రోజులు మించదు. ఏ భాగమూ పూర్తిగా అనాథ కాదు. పైగా మనిషి స్వభావం ఒకటున్నది. తప్పించుకోవడానికి వీలున్నప్పుడు ఇష్టం లేనిదానినే తప్పిస్తాడు. అద్దంలో కనబడే ఛాతీని ఎవరూ మరువరు. మరచిపోయేవి కాళ్ళు, వీపు. ముసలితనంలో మనలను లేపి నిలబెట్టేవి కూడా అవే.

రెండవది, విశ్రాంతి. వ్యాయామంలో కండకు పని మాత్రమే చెబుతాము. అది బలపడేది తరువాతి విశ్రాంతిలో, ఆహారంలో, నిద్రలో. ఒకసారి బరువెత్తిన తరువాత ఆ మరమ్మతు ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఆరు రోజుల పట్టికలో కండరాలు వేరైనా కీళ్ళు వేరు కావు. ఛాతీ రోజున, భుజాల రోజున, చేతుల రోజున కూడా అదే భుజపు కీలు అరుగుతుంది. బ్యాంకు ఉద్యోగి భుజం పట్టివేయడానికి ఇదొక కారణమని నాకు తోచినది. వయస్సుతో వాతం పెరుగుతుంది. వాతానికి ఎడతెగని శ్రమ ఆజ్యం పోసినట్లే.

మూడవది, కాలం. రెండు రోజులు, రోజుకు 40 నిమిషాలు అంటే వారానికి 80 నిమిషాలు. ఇంతమాత్రం ఏ గృహిణి అయినా, ఏ గుమాస్తా అయినా కల్పించుకోగలరు. మిగిలిన రోజులు నడకకు, కొండ ఎక్కడానికి మిగులుతాయి. కొండ ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం తొడలకు పరీక్ష అని మా కొండవీటివారికి చెప్పనక్కరలేదు.

భాగాల పద్ధతి పనికిరానిదని కాదు. ఏండ్ల తరబడి సాధన ఉండి, వారానికి నాలుగు రోజులు నిశ్చయంగా కేటాయించగలవారు, ఒకేసారి ఒళ్ళంతా చేస్తే అలసిపోయేవారు రెండు భాగాలుగా పంచుకోవచ్చు. ఒకనాడు నడుము పైభాగం, ఒకనాడు క్రిందిభాగం. ఒక్కొక్కటి వారానికి రెండుసార్లు వస్తుంది గనుక దోషం లేదు. నేను వద్దనేది కొత్తగా మొదలుపెట్టిన మధ్యవయస్కుని చేతికి ఆరు ముక్కల పట్టిక ఇవ్వడాన్ని.

"పొలంలో, వంటింట్లో రోజంతా కష్టపడతాము, మాకెందుకు?" అని కొందరు అడుగుతారు. గుంటూరు మిర్చి యార్డులో 40 కిలోలకు పైబడిన టిక్కీలను రోజంతా మోసే హమాలీలు నడుము నొప్పితో నా వద్దకు వస్తుంటారు. వారి శ్రమ సర్వాంగమే. కాని దానికి కొలత లేదు, విరామం లేదు. శ్రమ వేరు, వ్యాయామం వేరు. కొలత, క్రమం, విశ్రాంతి ఉన్నదే వ్యాయామం.

ఇంటిలో చేయదగిన క్రమం

జిమ్ముకు వెళ్ళలేనివారు, ముఖ్యంగా స్త్రీలు, ఇంటిలోనే ఈ ఐదు క్రియలు చేయవచ్చు. బహిష్టులు నిలిచిన తరువాత స్త్రీలకు ఎముకల సాంద్రత త్వరగా తగ్గుతుంది గనుక వారికిది మరింత అవసరం.

1. కూర్చుని లేవడం: చేతుల సాయం లేకుండా కుర్చీ నుండి లేచి మళ్ళీ నెమ్మదిగా కూర్చోవాలి. అలవాటైన తరువాత 2 లేక 3 కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకొని చేయాలి.

2. నెట్టడం: గోడకు చేతులానించి దండీలు. తరువాత వంటగట్టుకు, ఆపైన ఓపికనుబట్టి నేలమీద.

3. లాగడం: ఒక చేయి బల్లపై ఆన్చి ముందుకు వంగి, రెండవ చేతితో 5 లీటర్ల నూనె డబ్బాను పక్కటెముకల వరకు లాగి దించాలి. డబ్బాలో మొదట సగం నీరే పోయాలి. సూర్యనమస్కారాలలో లేని క్రియ ఇది.

4. వంగి ఎత్తడం: సగం నీరున్న బకెట్టును, వీపు వంచక, తుంటి వద్ద మడిచి, మోకాళ్ళు కొద్దిగా వంచి ఎత్తి దించాలి.

5. మోయడం: రెండు చేతులలో సమానమైన రెండు బకెట్లతో నిటారుగా 30 అడుగులు నడవాలి.

మొదటి నాలుగు 8 నుండి 12 సార్లు, మోయడం ఒకసారి. ఇట్లా రెండు ఆవృత్తులు. ఇంకా రెండు మూడు సార్లు చేయగలననిపించేచోట ఆపాలి. సగం బలం అన్న మాటకు ఈ కాలానికి నేను చెప్పుకొనే అన్వయం ఇది. నుదుట చెమట పట్టడం, నోరు ఎండడం హద్దు గుర్తులు. 12 సార్లు తేలిక అయినప్పుడు ఒక కిలో పెంచాలి. బరువు పెంచనిదే బలం పెరగదు. తొందరపడి పెంచితే కీలు ఒప్పదు.

చేసే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్ళు మర్దించుకోవడం మంచిది. కాని అరచేతులు, అరికాళ్ళు తుడుచుకొని మొదలుపెట్టాలి. భోజనమైన రెండు గంటలలోపు చేయరాదు. రెంటచింతల ఎండలు ఎట్లాంటివో మనకు తెలుసు. వేసవిలో సూర్యోదయానికి ముందే, ఒక ఆవృత్తితో ముగించాలి. వాగ్భటుని ఋతునియమం పల్నాటికి సరిగ్గా సరిపోతుంది.

ఆహారం విషయంలో, భారత వైద్య పరిశోధనా మండలి 2020 సిఫారసు ప్రకారం పెద్దలకు ఒక కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు కొద్దిగా పైన, ఒక కోడిగ్రుడ్డులో 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో 8 గ్రాములు లభిస్తాయి. గోంగూర పచ్చడితో రెండు పూటలూ గడిపేవారికి ఇది చాలదు. పప్పు, పాలు, పెరుగు, శనగలు పెంచాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. అశ్వగంధ నేను వ్రాసే మందే. కాని పని చెప్పని కండకు అశ్వగంధ బలం తెచ్చిపెట్టలేదు. పేరూ ఊరూ లేని పొడులను, సూదిమందులను దగ్గరకు రానీయవద్దు.

ఎవరు జాగ్రత్త పడాలి?

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, గిలక, మధుమేహం వలన కంటిలో రక్తస్రావం ఉన్నవారు పరీక్ష చేయించుకున్న తరువాతనే మొదలుపెట్టాలి. ఎవరైనా సరే ఊపిరి బిగబట్టి బరువు ఎత్తరాదు. 1985లో కెనడా పరిశోధకులు యువ వ్యాయామవీరులకు అతి బరువులు ఇచ్చి పరీక్షించగా, కాళ్ళతో నెట్టే సమయంలో రక్తపోటు సగటున 320/250 వరకు చేరినది. క్షణకాలమైనా అది యువకుల నాళాలు ఓర్చినవి. యాభై ఏండ్ల నాళాలను ఆ పరీక్షకు పెట్టరాదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, దడ కలిగితే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. అటువంటప్పుడు కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు.

బ్యాంకు ఉద్యోగి భుజం తగ్గేవరకు నాలుగు వారాలు చికిత్స చేశాను. తరువాత ఆరు ముక్కల పట్టిక పక్కన పెట్టించి సోమ, గురువారాలకు కుదించాను. "ఇంత తక్కువా?" అని ఆయన కొంత నిరుత్సాహపడ్డారు. ఎనిమిది నెలల తరువాత ఒక ఆదివారం కుటుంబంతో కోటకు వచ్చి, కొండ దిగి నేరుగా మా వైద్యశాల అరుగు మీద కూర్చున్నారు. మోకాళ్ళు వణకలేదని చెప్పారు. ఆ కాగితం మళ్ళీ చూపించారు. గుర్తు లేని రోజులు అందులో ఇప్పుడూ ఉన్నవి. కాని ఏ వారమూ పూర్తిగా ఖాళీగా లేదు.

ఆనాడు తడి నేల మీద కూర్చుండిపోయిన ఉపాధ్యాయుడు ఇప్పుడు 69వ ఏట కుర్చీ పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చుంటున్నారు. ఆయనకు నేను చెప్పవలసిన మాట పన్నెండేండ్లు ఆలస్యంగా చెప్పాను. పాఠకులు అంత ఆలస్యం చేయరాదని నా మనవి. ఈ పూట కుర్చీలో నుండి లేచేటప్పుడు చేతులు ఆన్చకుండా లేచి చూడండి. లేవగలిగితే ఆ బలం నిలుపుకోండి. లేవలేకపోతే రేపటి నుండే మొదలుపెట్టండి.